పదును గోడవైపు

సనాబిస్, బహ్రెయిన్
అక్టోబరు 9, 1992

వదినకు బుల్లెమ్మ రాసేది.

క్షేమసమాచారాలు కింద రాస్తాను, ముందు మిషన్ సంగతి. నువ్వు ఇక్కణ్ణుంచి వెళ్ళి నిండా రెండు వారాలు కాలేదు, అప్పుడే నీ ఖీమా మిషన్‌కి నా చేతుల్లో పోగాలం దాపురించింది.

నువ్వు పక్కన నిలబడి చూపించినప్పుడు అంతా అర్థమైనట్టే ఉంది. తల కూడా ఊపాను. నువ్వు విమానం ఎక్కాక వచ్చిన శుక్రవారం మేడం మాంసం తెచ్చి నా ముందు పెట్టింది. బల్ల అంచుకి మిషన్ బిగించాను. లోపల స్క్రూ, దాని ముందు నాలుగు రెక్కల బ్లేడు, ఆ ముందు చిల్లుల బిళ్ళ, పైన రింగు. అన్నీ వరసగానే పెట్టాను. హ్యాండిల్ సగం తిరిగి మొరాయించింది. ఉన్న బలమంతా పెట్టి తిప్పితే బల్ల జరిగింది గాని ఖీమా రాలేదు. చివరికి వచ్చింది కూడా కాస్త నలిగి, కాస్త నలగక, నవ్వులపాలు. అరచేతిలో బొబ్బ లేచింది. జబ్బ ఇప్పటికీ సలుపుతోంది.

అంతటితో ఆగితే బాగుండేది. మిషన్ నల్లగా ఉంది కదా అని, మనింట్లో ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి కసిగా తోమాను. తోముతుంటే తెల్లగా మెరిసింది, నాకూ సంబరంగానే ఉంది. నీళ్ళోడ్చి బోర్లించి పడుకున్నాను. తెల్లారేసరికి మిషన్ ఒంటినిండా తుప్పు. పెద్దావిడ, అదే మేడం అత్తగారు, దాని మీద వేలు రాసి ఆ వేలు నాకు చూపించింది. తిట్టినా బాగుండేది.

నువ్వు మార్చి నెలాఖరులో తిరిగి వచ్చేదాకా నీ చోటు నిలబెట్టడానికి వచ్చినదాన్ని. నేనే దాన్ని ఊడగొట్టేలా ఉన్నాను. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

నా ఒళ్ళు బాగానే ఉంది. నా పిల్ల సాయికుమారి నీ మాట వింటోందా? అన్నయ్యని అడిగానని చెప్పు. నీ మెడ పట్టేసిందన్నావు, తగ్గిందా?

బుల్లెమ్మ

*

ముమ్మిడివరం
అక్టోబరు 26, 1992

బుల్లెమ్మకి వదిన దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య నవ్వాడు. "మా చెల్లి రాయి తోమినా అరగదీసుద్ది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మిషన్ పెద్దావిడ కాపురానికి వచ్చిన కొత్తలో కొన్నది. దానికి పైన తగరం పూత ఉంటుంది. పులుపు తగిలితే పూత పోతుంది. అది బిందె కాదు తల్లీ, పండక్కి మెరిపించి గట్టు మీద పెట్టుకోవడానికి.

ఇప్పుడు చెప్పేది మనసు పెట్టి చదువు. తుప్పుని ఉప్పు లేకుండా, బియ్యప్పిండితో నూనె కలిపి గుడ్డతో రుద్దు. పోతుంది. ఇకమీదట పని అవగానే అన్నీ విప్పి సలసల కాగే నీళ్ళతో కడుగు. కడిగి బోర్లించకు. పొడిగుడ్డతో తుడిచి, పొయ్యి ఆపాక ఆ వేడి మీద కాసేపు పెట్టి, తడి పూర్తిగా పోయాక వంటనూనె పల్చగా రాసి గుడ్డలో చుట్టి పెట్టు. విప్పే ముందు ఎండిపోయిన ఖుబ్బూస్ ముక్కలు రెండు వేసి తిప్పు, లోపల ఇరుక్కున్నదంతా ఆ రొట్టె బయటికి తోసేస్తుంది. ఆ రొట్టె పిల్లులకి వెయ్యి. నేను మూడు పిల్లుల్ని పెంచాను, అవి నాకోసం వెతుకుతున్నాయా?

మాంసం సంగతి. తెల్లటి నరాలు, పొరలు ముందే తీసెయ్యాలి. అవి బ్లేడుకి జడ వేసినట్టు చుట్టుకుంటాయి. మాంసం వేళ్ళంత పొడుగు ముక్కలు చేసి, గట్టిపడేదాకా ఫ్రిజ్‌లో పెట్టి తియ్యి. మెత్తటి మాంసం జారుతుంది, తెగదు. బల్ల జరుగుతుంటే బిగించే మర కింద గోనెగుడ్డ మడత పెట్టు.

బ్లేడు పెట్టేటప్పుడు నేను చూపించింది మర్చిపోకు. పదును లోపలివైపు ఉండాలి, మన వేళ్ళవైపు కాదు. మనింట్లో కత్తిపీట పని కాగానే పదును గోడవైపు తిప్పి పడుకోబెడతామా లేదా, అలాగే. రింగు విప్పినప్పుడు నీ వేళ్ళు తెగకుండా ఉంటాయి.

మిగిలింది బలమే. మిషన్‌కి భయపడకూడదు. ఒంటి బరువు హ్యాండిల్ మీద వేసి తిప్పు. నాలుగేళ్ళు నేను అలాగే తిప్పాను. నా ఖీమా వెన్నలా ఉంటుందని పెద్దావిడ అనేది. అది మందో మాకో కాదు, చేతివాటం, దానికి రెక్కలు ముక్కలు చేసుకోవాలి.

సాయికుమారి బాగా చదువుకుంటోంది. నా మెడ బాగానే ఉంది.

వీరలక్ష్మి

*

సనాబిస్
నవంబరు 18, 1992

వదినకు,

నీ పిల్లుల్లో రెండు వస్తున్నాయి. మూడోది రావడం లేదు.

తుప్పు పోయింది. నువ్వు చెప్పినట్టు వేడి మీద ఆరబెట్టి నూనె రాస్తున్నాను. రొట్టె ముక్కల ఉపాయం బాగా పనిచేసింది, మొదటిసారి వేసినప్పుడు లోపల్నుంచి నలుసులు ఎన్ని వచ్చాయో రాస్తే నీకు కోపం వస్తుంది, నేను వచ్చినప్పటివి మాత్రమే కావు అవి.

నరాలు తీస్తున్నాను, ముక్కలు ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఇప్పుడు ఆగిపోవడం లేదు. కాని బరువు వదినా. స్టూలు ఎక్కి ఒంటి బరువంతా వేస్తే గాని తిరగదు. కిలో మాంసానికి ఒళ్ళు చెమటతో తడిసిపోతోంది. రాత్రి కుడిపక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను. మొన్న పెద్దావిడ నా ఖీమా వేలితో నలిపి చూసి, లక్ష్మి ఖీమాకి దగ్గరకొచ్చిందంది. నాకు భుజం నొప్పి కాసేపు తెలియలేదు.

డ్రైవర్ లింబాద్రి వంటింట్లో నీళ్ళకి వచ్చి నా అవస్థ చూశాడు. "అక్కా, గింత గనం కష్టపడితే గిది మిషన్ గాదు, పగోడు. మా ఊళ్ళె ఎద్దు గూడ గింత గుంజదు" అన్నాడు. నువ్వున్నప్పుడు కూడా అతను ఇలాగే అనేవాడా?

ఇక్కడ నాకు బాగుంది. ఇది నీతో చెప్పడానికి మొహమాటంగా ఉంది, అయినా చెబుతాను. వంటింటి పక్కన నువ్వు పడుకున్న ఆ చిన్న గది ఉంది చూడు, దాని గడియ లోపలివైపు ఉంది. మా ఆయన లోవరాజు పోయిన తర్వాత మీ ఇంటికి వచ్చాను, మీరు ఏనాడూ నన్ను ఒక మాట అనలేదు. కాని వసారాలో పడుకున్నదానికి గడియ ఎక్కడిది? ఇక్కడ పని అయ్యాక తలుపు వేసుకుని ఊరికే కూర్చుంటాను. అంతే, ఏమీ చెయ్యను.

బుల్లెమ్మ

*

ముమ్మిడివరం
డిసెంబరు 5, 1992

బుల్లెమ్మా,

గదిలో ఊరికే కూర్చోకు, ఆ కిటికీ జాలీ నిండా ఇసుక పేరుకుంటుంది, అది దులుపు.

బరువు బరువు అని ఉత్తరం నిండా ఏడ్చావు. స్క్రూ వెనక వైపు, హ్యాండిల్ తగిలించే చోట, అరిగిన తోలు బిళ్ళ ఒకటి ఉంటుంది. అక్కడ ఎండిపోతే మిషన్ బిగుస్తుంది. నెయ్యి చుక్క వెయ్యి. మిషన్ నూనె వెయ్యకు, అది ఖీమాలోకి దిగుతుంది. అప్పటికీ బరువుగానే ఉంటుంది. నాలుగేళ్ళు నేను దాన్ని తిప్పానంటే ఎవరూ నమ్మరు, ఇప్పుడు నువ్వు నమ్ముతావు. లింబాద్రి నాతోనూ అలాగే అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నువ్వూ నవ్వి ఊరుకో.

నీ మాటలు చదివి మీ అన్నయ్య వసారాకి తలుపు పెట్టిస్తానన్నాడు. నువ్వు వచ్చేసరికి ఉంటుంది. గడియ లోపలివైపే పెట్టమన్నాను.

రంజాన్ ఫిబ్రవరిలో వస్తుంది. ఆ నెల్లాళ్ళూ రోజూ సంబూసాలు, అదే సమోసాలు, రోజూ ఖీమా. పండగ వెళ్ళాక మనిద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటానని మేడం ముందే చెప్పింది కదా. ఆలోగా నేను వచ్చేస్తాను. నేను తిరిగి రావడానికి ఇచ్చిన వీసా కాగితం మార్చి నెలాఖరు దాకా ఉంది. నా చోటు పాడు చెయ్యకుండా ఉంచు.

వీరలక్ష్మి

అమ్మా, నేను సాయికుమారిని. అత్త నన్ను కవరు అంటించమంది, అందుకని రాస్తున్నాను. అత్తకి చెయ్యి పైకి లేవడం లేదు. జడ నేనే వేస్తున్నాను. నీతో చెప్పొద్దంది. నాకు లెక్కల్లో బాగా మార్కులు వచ్చాయి.

*

సనాబిస్
జనవరి 2, 1993

వదినకు,

సాయికుమారిని తిట్టకు. మెడ కాదన్నమాట, చెయ్యి. ఎప్పట్నుంచి? ఇక్కడ ఉండగానేనా?

మిషన్ బాగానే ఉంది. నెయ్యి వేశాను. పెద్దావిడ ముహర్రక్‌లో కూతురి ఇంటికి వెళ్ళింది, రంజాన్‌కి గాని రాదు. మేడం మంచిదే. చలిగా ఉంది.

డాక్టరుకి చూపించుకున్నావా? ఏమన్నాడో దాచకుండా రాయి.

బుల్లెమ్మ

*

ముమ్మిడివరం
జనవరి 19, 1993

బుల్లెమ్మకి,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు.

దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. అక్కడ ఉండగానే మొదలైంది. మేడంతో చెబితే సెలవు కాదు, మొత్తానికే పంపించేస్తుంది. అందుకని చెప్పలేదు. నీకు కూడా చెప్పలేదు, ఎందుకంటే నువ్వు మొహంలో ఏదీ దాచలేవు. అమలాపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. భుజం గూట్లో కండ అరిగి చిరిగిందన్నాడు. "ఏం పని చేస్తావమ్మా?" అన్నాడు. ఖీమా మిషన్ తిప్పుతానంటే అర్థం కాలేదు. చేత్తో చేసి చూపించబోతే చెయ్యి సగంలో ఆగిపోయింది. "ఇంక ఆ పని మానెయ్యి" అన్నాడు. మిగతా పనులు చేసుకోవచ్చట. ఊడ్చడం, తుడవడం, ఇస్త్రీ, వంట. బలంగా తిప్పేది, ఎత్తేది మాత్రం కూడదట.

మీ అన్నయ్య వెళ్ళొద్దంటున్నాడు. "ఆ చెయ్యేసుకుని ఏం ఎల్తావే, అక్కడోళ్ళకి నీ చెయ్యి కావాలి గాని నువ్వెందుకు?" అంటాడు. ఆ మాటకి నేను రాత్రంతా ఏడ్చాను. అబద్ధమైతే ఏడ్చేదాన్ని కాదు.

నేను ఇక్కడ ఉండలేను. నాలుగేళ్ళు నా చేతి సంపాదన తిని ఇప్పుడు ఇంకొకరి చెయ్యి చూడటం నాకు రాదు. ఆ ఇంట్లో పనులన్నీ చేయగలను, ఒక్క ఆ మిషన్ తప్ప. అందుకని నిన్నే అడుగుతున్నాను. దాని ముందు రోజూ నిలబడేదానివి నువ్వే. మూడు నెలల్లో అది ఏమైనా తేలికపడిందా? ఈ చేత్తో నేను తిప్పగలనా? నువ్వు చెప్పినట్టు చేస్తాను. రమ్మంటే వస్తాను, వద్దంటే కాగితం చించేస్తాను.

వీరలక్ష్మి

*

సనాబిస్
ఫిబ్రవరి 4, 1993

వదినకు,

నీ ఉత్తరం చదివాను.

మిషన్ సంగతి నీకు తెలియనిది కాదు. బరువు బరువే. ఆ చేత్తో నువ్వు తిప్పలేవు. డాక్టరు మాట విను. మళ్ళీ చిరిగితే అన్నం కలుపుకోవడానికి కూడా పనికిరాదు.

ఇక్కడ పని కూడా పెరిగింది. మేడం చంటాడు నన్ను వదలడం లేదు. నిన్న వాళ్ళ చుట్టాలు బోలెడు మంది వస్తే వాణ్ణి చంకన వేసుకునే ఖీమా అంతా చేశాను, కూరలో ఉప్పు ఎక్కువైందని మేడం అంది తప్ప ఇంకేమీ అనలేదు. రంజాన్‌కి సామాన్ తెచ్చి పెట్టారు.

నువ్వు ఇంటి దగ్గరే ఉండు. సాయికుమారికి నువ్వే తల్లివి. నేను ఇక్కణ్ణుంచి పంపేది మన అందరికీ సరిపోతుంది.

బుల్లెమ్మ

*

ముమ్మిడివరం
ఫిబ్రవరి 17, 1993

బుల్లెమ్మా,

కాగితం చించేద్దామని పెట్టె తీశాను. అందులోనే నీ ఉత్తరాలు ఉన్నాయి. ఊరికే కూర్చుని మొదటినుంచీ చదివాను.

అక్టోబరులో నీ అరచేతికి బొబ్బ. నవంబరులో స్టూలు ఎక్కి తిప్పావు, కుడిపక్కకి తిరిగి పడుకోలేకపోయావు. జనవరిలో మిషన్ బాగానే ఉందన్నావు, నొప్పి మాట లేదు. ఇప్పుడేమో చంటాణ్ణి చంకన వేసుకుని చుట్టాలందరికీ ఖీమా చేశావు. నాకు ఆ మిషన్ తిప్పడానికి రెండు చేతులూ, బల్ల కాలికి ఆనించడానికి ఒక మోకాలూ కావలసి వచ్చేవి. అప్పటికీ పళ్ళు బిగబట్టేదాన్ని. చంటాడు మూడో చేతిలో ఉన్నాడా నీకు?

నన్ను రావద్దంటే రావద్దని రాయి. ఆ గది నాకు కావాలి వదినా అని రాయి. నేను అర్థం చేసుకోలేనిదాన్ని కాను, నాకు కోపం వస్తుంది, తర్వాత పోతుంది. కాని నా చెయ్యి అడ్డం పెట్టి చెప్పకు. మిషన్‌కి ఏం చేశావో నిజం రాయి. నేను కాగితం చించలేదు.

వీరలక్ష్మి

*

సనాబిస్
మార్చి 1, 1993

వదినకు,

రంజాన్ మొదలై వారం అయింది. పగలు పొయ్యి మీద పని ఉండదు, సాయంత్రం ఊపిరాడదు. మధ్యలో రాస్తున్నాను. మొత్తం రాసేస్తాను.

డిసెంబరులో నా నొప్పి చూడలేక లింబాద్రి, "అక్కా, పదును పోయినట్టుంది, హూరా బజార్ల కత్తులు సాన పట్టేటోడు ఉన్నడు, పా పోదాం" అన్నాడు. మేడంని అడిగి వెళ్ళాను. ఆ సాన పట్టేవాడు మలబారు మనిషి. బ్లేడు, బిళ్ళ రెండూ తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. "యే తరఫ్ క్యోం ఘిసా?" అన్నాడు, ఈ వైపెందుకు అరిగిందని. పదును ఉండే చదును ముఖం కొత్తదానిలా ఉంది. అరిగి మెరుస్తున్నది వీపు భాగం. అతనికి నవ్వొచ్చింది. పదును చిల్లుల బిళ్ళకి ఆనుకుని ఉండాలట. బయటివైపు. రెండూ ఒరుసుకుంటేనే కత్తెరలా తెగుతుంది. మనం తిరగేసి పెడుతున్నాం వదినా. మాంసాన్ని కొయ్యడం లేదు, మొద్దువైపు పెట్టి చిల్లుల్లోంచి బలవంతంగా నెడుతున్నాం.

ఇంటికి వచ్చి తిప్పి పెట్టాను. రెండు వేళ్ళతో తిరిగింది. నిజంగా రెండు వేళ్ళతోనే. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి చాలాసేపు ఊరికే తిప్పుతూ ఉన్నాను. మొదట సంతోషం వేసింది. తర్వాత నువ్వు గుర్తొచ్చావు.

నీ చెయ్యి పోయింది మిషన్ బరువుకి కాదు. ఇది నీకు ఎలా రాయాలో తెలియక జనవరిలో చిన్న ఉత్తరం రాశాను. అప్పటికి నేను అబద్ధం ఆడలేదు, ఊరుకున్నాను అంతే. నువ్వు సూటిగా అడిగాక ఆడాను. నిజం చెబితే నువ్వు వస్తావు, నేను ఈ గది వదిలి రావాలి. అదీ సంగతి. నీ చెయ్యి మీద జాలితో కాదు.

ఇంకోటి కూడా దాచాను. పెద్దావిడ రంజాన్‌కి వచ్చింది. నేను చేసిన సంబూసాలు కొరికి పక్కన పెట్టేస్తోంది. సూపు తాగి లేచిపోతోంది. లక్ష్మి ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోంది. మేడంకి అత్తగారంటే ప్రాణం. లక్ష్మి వస్తుందా రాదా అని నన్ను అడిగితే, నీ ఉత్తరం రాకముందే, రాదని చెప్పాను. ఇవాళ పొద్దున మేడం దగ్గరికి వెళ్ళి, లక్ష్మి వస్తుందని చెప్పాను. మేడం నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు, టిక్కెట్టు పంపుతానంది. నువ్వు చెప్పినట్టు నా మొహంలో ఏదీ దాగదు.

ఆ చేత్తో నువ్వు తిప్పగలవు. రా.

బుల్లెమ్మ

*

సనాబిస్
ఏప్రిల్ 21, 1993

బుల్లెమ్మకి వదిన దీవెనలు.

నువ్వు క్షేమంగా చేరావని మీ అన్నయ్య ఉత్తరం అందింది. వసారా తలుపు నీకు నచ్చిందా? గడియ కాస్త గట్టిగా ఉంటుంది, కొబ్బరినూనె రాయి.

నేను దిగి నువ్వు ఎక్కిన రోజు ఎయిర్‌పోర్టులో నువ్వు నా మొహం చూడలేదు. నేను నీ మీద కోపంగా లేను. నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం ఉన్నాను. అది చదివి పెద్దగా నవ్వాను. మీ అన్నయ్య ఏంటే అని లోపలికొచ్చేసరికి ఏడుస్తున్నాను. నాలుగేళ్ళు. ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. కొత్తలో రింగు విప్పుతుంటే వేలు తెగింది, మా అమ్మ నేర్పినట్టు పదును అవతలికి తిప్పాను, అంతే. పైగా నీకూ అదే నేర్పాను. పోనీ, నీ భుజం నిలబడింది.

నువ్వు వెళ్ళాక సంగతి రాస్తాను. నువ్వు రాసినట్టే బ్లేడు పెట్టాను. రెండు వేళ్ళతో తిరిగింది. నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, ఇంక ఈ ఇంట్లో ముసలిదాన్నయ్యేదాకా ఉండొచ్చనుకున్నాను. ఖీమా చేసి, పెద్దావిడకి ఇష్టమని ఉండలు చేసి వండి, నేనే పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళాను. ఆవిడ నన్ను చూసి నా రెండు చేతులూ పట్టుకుంది. కుడిచెయ్యి లాగినప్పుడు నొప్పి పుట్టింది, నవ్వాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది, ఇంకా నమిలింది. తర్వాత అరచేతిలోకి ఉమ్మేసి నా వైపు చూసింది. లక్ష్మీ, నువ్వు కూడానా అన్నట్టు చూసింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడకి వెనక పళ్ళు లేవు. పెట్టుడు పళ్ళు గుచ్చుకుంటాయని తీసేస్తుంది. నాలుగేళ్ళు పక్కన కూర్చుని తినిపించినదాన్ని, నాకు తెలుసు, నీకు తెలియదు. తెగిన ఖీమా ఆవిడ మింగలేకపోతోంది. నలిగి ముద్దయినది కావాలి. వెన్నలా ఉంటుందని ఆవిడ అన్నది నా చేతివాటం కాదు, తిరగేసిన బ్లేడు. మరి రెండుసార్లు, మూడుసార్లు వేసి చూశాను. సన్నగా వచ్చింది గాని ముద్దలా రాలేదు. రోట్లో దంచుదామంటే చెయ్యి ఎత్తలేను. మేడంకి చెబుదామా అనుకున్నాను. ఏమని చెప్పను? నేను ఇన్నాళ్ళూ తప్పు చేశాను, ఆ తప్పే మీ అత్తగారికి కావాలి, ఇప్పుడు అది చెయ్యడానికి నాకు చెయ్యి లేదు, అని చెప్పనా? అలా చెబితే తర్వాతి విమానానికి నీ పక్కనే ఉండేదాన్ని.

మర్నాడు బ్లేడు మళ్ళీ తిప్పి పెట్టాను. పదును లోపలికి. ఇంట్లో అందరికీ నువ్వు చెప్పినట్టే చేస్తాను, ఆవిడ వాటా మాత్రం విడిగా, పాత పద్ధతిలో. పెద్దావిడ మళ్ళీ కడుపునిండా తింటోంది. మొన్న నా నెత్తి మీద చెయ్యి వేసి ఏదో దీవించింది, నాకు సగమే అర్థమైంది. మేడం కాంట్రాక్టు రాయించింది, రెండేళ్ళకి.

మీ అన్నయ్యతో ఇవేమీ చెప్పకు. చెయ్యి ఎలా ఉందని అడిగితే బాగుందని చెప్పు, అబద్ధం కాదు. ఒంటి బరువంతా వేసి ఎడంచేత్తో తిప్పుతున్నాను. మాంసం వేసేది కుడిచేత్తోనే కాబట్టి ఇక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు. మొదట్లో చేతకాలేదు, ఇప్పుడు అలవాటైంది. ఎడం భుజం గట్టిగానే ఉంది. రెండేళ్ళకి సరిపోతుంది.

వీరలక్ష్మి